వెయిటింగ్ చార్జి

కాజీపేట స్టేషన్ బయట
పొద్దుగాల ఏడింటికి అప్పజెప్పినట్టు చెప్త:
వెయ్యి స్తంభాలు, భద్రకాళి, పద్మాక్షి గుట్ట,
కోట, జూ పార్కు, ఆఖరికి వడ్డేపల్లి కట్ట.
ఆరు పాయింట్లు, తొమ్మిది వందలు.
వెయిటింగ్ చార్జి అండ్లనే.

పందొమ్మిదేండ్ల సంది ఊరంత చూపిస్తున్న గని
నాకెరికైన ఊరు వేరే.
వెయ్యి స్తంభాలంటే
పదకొండు దాటితే జరిగిపోయే గోడ నీడ,
నేను కూసునే బండ.
భద్రకాళి అంటే
చెప్పుల స్టాండు కొంరమ్మ పోసే అల్లం చాయ.
జూ అంటే గోడ అవతలికెల్లి
దినాం నాలుగింటికి ఒక్క అరుపు.
పులిదో, నెమలిదో,
టికెట్ కొన్నోళ్లను ఎన్నడూ అడగలే.
అడిగితే తెలిసిపోతది గదా.

మొన్న ఆయితారం రైలు దిగిండు ఓదేలు,
పక్కకు పదేండ్ల బిడ్డ.
కరీంనగర్ దిక్కు గ్రానైట్ క్వారీల పని.
కుడిచేతి చిటికెన వేలు సగమే ఉన్నది.
బేరమాడలే.
"అన్నీ ఎందుకే, రాళ్లున్న కాడికి తోల్కపో" అన్నడు.
నవ్వొచ్చింది.
ఈ ఊరి పేరే ఒక్క రాయి,
ఏ రాయి కాడికని తోల్కపోవాలె?

కోట కాడ ఆటో ఆపి
ఎనుక సీట్ల కాళ్లు చాపుతుంటే
బిడ్డ మూడు టికెట్లు పట్టుకచ్చింది.
"మా ఇద్దర్ని ఫొటో ఎవలు తీస్తరు, నువ్వు రా."

లోపట అందరి మెడలు పైకే ఉన్నయి,
తోరణం మీది హంసల దిక్కు.
కొత్త పెండ్లి జంట ఒకటి డ్రోన్ తోని కొట్లాడుతున్నది.
ఓదేలు మాత్రం కింద కూసున్నడు,
విరిగి పడ్డ తునకల నడుమ,
ఎవ్వలూ ఫొటో దియ్యని రాయి పక్కన.
బర్రె వీపు మీద ఏసినట్టు
దాని మీద అరచెయ్యి ఏసిండు.

"ఇగో, ఈడ ఉలి జారింది.
జారితే మల్ల సదిరిండు.
ఈడ పొద్దుగూకినట్టున్నది, గీత సగంల ఆగింది.
తెల్లారి వచ్చినోడు వేరేటోడు,
దెబ్బ జూడు, ఎడమచేతి వాటం."

కొద్దిసేపు ఏమనలే.
తర్వాత నాతోని గాదు, రాయితోని అన్నట్టు:
"మేం వైరు తోని కోస్తం.
లారీ ఎక్కిందంటే అది యాడికి పోతదో,
ఎవలింట్ల వంటగట్టు అయితదో.
నేను కోసిన రాయి నాకు మల్ల కండ్లవడలే."

బిడ్డ బోర్డు సదువుతున్నది.
రాజుల పేర్లున్నయి, ఏండ్లున్నయి.
"బాపూ, చెక్కినాయన పేరు లేదేంది?"
ఓదేలు తన సగం వేలు తీస్కపోయి
ఉలి జారిన గుంటల పెట్టిండు.
"ఉన్నది గదనే."

ఫొటో తీసిన.
తోరణం సగం తెగిపోయింది,
వాళ్లిద్దరు నిండుగ పడ్డరు.
బిడ్డ చూసి, మంచిగనే ఉన్నదన్నది, నా మొఖం జూసి.

మాపటీలి జూ గోడ పొంటి పోతుంటే
గదే అరుపు.
"అంకుల్, గది..." అని నోరు తెరిచింది.
"చెప్పకు బిడ్డా" అన్న.
స్టేషన్ దాక నోటికి చెయ్యడ్డం పెట్టుకొని
నవ్వాపుకుంటనే ఉన్నది.

తెల్లారి హైదరాబాద్ ఫ్యామిలీ, ఆరుగురు.
వెయ్యి స్తంభాల కాడ దింపి
నీడకు పోయి కూసోబోయి
ఆగిన.
పందొమ్మిదేండ్లు కూసున్న బండ.
వంగి, దుమ్ము ఊది,
వేలు పెట్టి ఎతుకవడ్తి.
ఒక మూలకు ఏదో గీత తగిలింది.
ఉలిదో, మా ఆటోలు రాసుకున్నదో,
నాకేం దెలుసు, నేను ఓదేలును గాదు గదా.
అటు తిరిగి, ఇటు తిరిగి,
బండ కిందికి తల పెట్టి చూస్తుంటే
నా ఆటో హారనే మోగుతున్నది.

"యాడికి వోయినవయ్యా యాకయ్యా,
పావుగంట సంది నిలబడ్డం!"

తప్పయింది సార్ అని కిక్కు కొట్టిన.
మంచోళ్లు.
వెయిటింగ్ చార్జి అడగలే.